బేరింగు మార్పును ఎన్నాళ్లు ఆపవచ్చును?

(వీపనగండ్లలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము వచ్చినామంటే వెన్న శాతం గురించో, పాల బిల్లుల చెల్లింపుల గురించో, మినిట్స్ పుస్తకం గురించో మాట్లాడతామని మీకు తెలుసు. ఈసారి బండి చక్రాల బేరింగుల గురించి మాట్లాడతామని కబురు చేయగానే కొందరు నవ్వుకొన్నారని విన్నాము. అది డ్రైవరు చూసుకొనే సంగతి, సంఘానికేమి పని అని వారి ఉద్దేశం కావచ్చు. కాని ఈ విషయం మాకై మేము ఎత్తుకొన్నది కాదు. ఈ రూటులోని ఒక సంఘం కార్యదర్శి మమ్ములను అడిగిన ప్రశ్న ఇది. సంఘం పేరు చెప్పనవసరం లేదు, ఎందుకంటే ఏ సంఘమైనా అడగదగిన ప్రశ్నే.

"సార్, మా పాల బండికి ముందు ఎడమ చక్రం మోగుతున్నది. బేరింగు పోతున్నదని మెకానిక్ అంటున్నాడు. ఇప్పుడు బర్రెలు దండిగా పాలిచ్చే కాలం. ఒక్క పూట బండి ఆగినా కష్టమే. ఎండాకాలంలో పాలు తగ్గినాక మార్పిస్తే సరిపోదా? అందాక ఆగవచ్చునా?"

ఆగరాదు అని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. అట్లా చెబితే మీరు నమ్మరు. మోగే బేరింగుతో నెలల తరబడి తిరిగిన బళ్లను మీరంతా చూసినారు. మోత మొదలైన వారానికే చక్రం ఊడి దారి పక్క పొలంలో పడిన బళ్లను కూడా చూసినారు. రెండూ నిజమే. మన బండి ఆ రెండింటిలో ఏ వైపున వున్నదో తెలుసుకొనే ఉపాయం కావాలి. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము.

మన పెద్దల కాలంలో ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెట్టేవారు. కందెన ఆరిపోతే బండి కిర్రుమని అరిచేది, ఊరంతా వినేది. ఇరుసు అరిగినా కొంచెం కొంచెంగా అరిగేది. వడ్రంగి దగ్గరకు ఈ సంతకు కాకపోతే వచ్చే సంతకు పోయినా మునిగిపోయేది ఏమీ లేదు. ఆ కాలపు లెక్క మన మనసుల్లో ఇంకా వున్నది. ఇనుము గదా, నెమ్మదిగానే అరుగుతుంది అనుకొంటాము. నేటి బండి బేరింగు ఆ పద్ధతిలో చెడదు.

మన చిన్న సరుకు బళ్లలో చాలావాటికి ముందు హబ్బులో రెండేసి టేపరు రోలరు బేరింగులు వుంటాయి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. ఒక పక్క సన్నమై వుండే ఈ రోలరు బేరింగుకు అమెరికాలో 1898లో పేటెంటు తీసుకొన్న హెన్రీ టిమ్‌కెన్ అసలు గుర్రపు బగ్గీలు చేసే కార్ఖానా వాడు. బండి మలుపు తిరిగినప్పుడు చక్రం మీద పక్క నుండి పడే బరువును సాదా బేరింగు ఆపలేకపోవటం చూసి ఆయన ఈ ఉపాయం కనిపెట్టినాడు. గట్టిపరచిన ఉక్కు రోలర్లు ఉక్కు కప్పు మీద దొర్లుతాయి. మధ్యన సన్నని గ్రీజు పొర వుంటుంది. ఆ పొర వున్నంతకాలం ఉక్కుకు ఉక్కు తగలదు, వేలాది కిలోమీటర్లు తిరిగినా అరుగుదల కనిపించదు.

చెడటం మొదలయ్యేది ఎట్లా? నీరో దుమ్మో చేరి గ్రీజు పాడవుతుంది, లేదా బరువు ఎక్కువై ఉక్కు పైపొర కింద కంటికి కనబడని చీలిక పుడుతుంది. ఒకనాడు అక్కడ గోరంత పెచ్చు లేస్తుంది. మోత మొదలయ్యేది అప్పుడే. లేచిన పెచ్చు ఎక్కడికీ పోదు, గ్రీజులోనే తిరుగుతూ ఇసుక మాదిరి మిగిలిన చోట్లను గీరుతుంది. ఒక పెచ్చు నాలుగవుతుంది, నాలుగు నలభై అవుతాయి.

ఇది మీకు తెలియని తీరు కాదు. పిండిన పాలను చల్లార్చకుండా ఎండలో పెట్టినారనుకోండి. మొదటి గంటలో రుచి మారదు, రెండవ గంటలో వాసన మారదు. లోపల సూక్ష్మజీవులు ఒకటికి రెండు, రెండుకు నాలుగు అవుతూనే వుంటాయి. తరువాత ఏదో ఒక సమయంలో కాచగానే విరిగిపోతాయి. గంట క్రితం బాగానే వున్నవి గదా అంటే శీతల కేంద్రం వారు వింటారా? బేరింగు విషయం కూడా అంతే. నిన్నటి దాకా తిరిగింది గనుక రేపు కూడా తిరుగుతుందని అనటానికి లేదు.

దీనికి కొలతలతో సహా రుజువు వున్నది. 2023 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈస్ట్ పాలస్తీన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. 38 వ్యాగన్లు పడిపోయినవి. వాటిలో విషరసాయనాలు వున్నందున రెండు వేల మంది దాకా ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. కారణం ఒక వ్యాగను చక్రపు బేరింగు. ఆ దేశంలో పట్టాల పక్కన బేరింగు వేడిని కొలిచే యంత్రాలు అక్కడక్కడ వుంటాయి. మొదటి యంత్రం దగ్గర ఆ బేరింగు చుట్టూ వున్న గాలి కంటే సుమారు 21 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ వేడిగా వున్నది. అక్కడికి సుమారు 17 కిలోమీటర్ల తరువాత రెండవ యంత్రం 57 డిగ్రీలు చూపింది. ఆ రైల్వే కంపెనీ రైలును ఆపి చూడటానికి పెట్టుకొన్న హద్దు 94 డిగ్రీలు. 57 హద్దుకు లోపలే గనుక రైలు ముందుకు పోయింది. మరో 31 కిలోమీటర్ల తరువాత మూడవ యంత్రం దగ్గర అదే బేరింగు 141 డిగ్రీలకు చేరి వున్నది. బ్రేకు వేసి ఆపేలోగానే ఇరుసు తెగింది.

ఈ లెక్కలో మేము మీ దృష్టికి తేదలచినది ఒకటే. మొదటి రెండు యంత్రాల మధ్య పెరిగింది 36 డిగ్రీలు, తరువాతి రెండింటి మధ్య 84. ఆ 31 కిలోమీటర్లు మన పాల బండి ఒక్క పూటలో తిరిగే దూరం.

మన రైల్వేలో కూడా దీనికి జాగ్రత్తలున్నవి. గద్వాల వైపు పోయే రైలు ఏ స్టేషను దాటుతున్నా సిబ్బంది జెండా పట్టుకొని నిలబడటం చూసే వుంటారు. అది జెండా ఊపటానికి మాత్రమే కాదు. పోతున్న పెట్టెల కింద ఏ ఇరుసైనా కాలి పొగ వస్తున్నదా అని చూడటం కూడా వారి పనే. మన పాల బండికి అట్లా చూసేవారు దారి పొడవునా ఎవరున్నారు? డ్రైవరు, క్యాన్లు ఎక్కించే పిల్లవాడు, ప్రతి ఊరిలో పాలు కొలిచే కార్యదర్శి. వారికి ఏమి చూడవలెనో తెలిస్తే చాలు.

మొదట మోత సంగతి. గంటకు ముప్పై నలభై కిలోమీటర్ల వేగంలో గుయ్యిమని వచ్చి, వేగంతో పాటు పెరిగే మోత బేరింగుది కావచ్చు. అరుగు తప్పిన టైరు కూడా అట్లాగే మోగుతుంది. తారు రోడ్డు నుండి మట్టి బాటకు దిగగానే మోత మారితే టైరును అనుమానించవలెను. రోడ్డు మారినా మోత మారకపోతే బేరింగును అనుమానించవలెను. బండిని కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీదికి పోతుంది గనుక, అప్పుడు మోత పెరిగితే ఎడమ వైపు బేరింగు అని అర్థం. ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడి వైపుది.

రెండవది ఆట. చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చేయి కింద ఒక చేయి పెట్టి ఊపండి. టకటక ఆడితే వెంటనే బేరింగు అని తేల్చవద్దు. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోతే అది బేరింగుది. బ్రేకు తొక్కినా ఆడుతూనే వుంటే కింగ్ పిన్నుదో, బాల్ జాయింటుదో. ఈ ఒక్క పరీక్ష తెలియక మంచి బేరింగులు పారవేసిన వారు చాలామంది వున్నారు.

మూడవది వేడి. మాకు అన్నింటి కంటే దీని మీద నమ్మకం ఎక్కువ. రూటు తిరిగి రాగానే రెండు ముందు హబ్బుల దగ్గరకు వెనుక చేయి తీసుకపోయి పోల్చి చూడండి. రెండూ సమంగా వెచ్చగా వుంటే సరే. ఒకటి చేయి పెట్టనీయకుండా వుంటే, బ్రేకు పట్టుకొని వుండటమో, బేరింగు పోవటమో రెండింటిలో ఒకటి. ఏదైనా సరే, మరుసటి పూటకు ఆ బండి పోరాదు.

ఇక ఎన్నాళ్లు ఆగవచ్చును అనే అసలు ప్రశ్నకు వస్తాము.

మోత మాత్రమే వున్నది, ఆట లేదు, వేడి లేదు అనుకోండి. అప్పుడు మధ్యాహ్నం పూట హబ్బు విప్పించి చూడవలెను. గ్రీజు మజ్జిగ మాదిరి తెల్లబడి వుంటే నీరు చేరినట్లు. కప్పు నునుపుగా వుండి, మచ్చలు, గుంటలు లేకపోతే, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, బేరింగులకు తగిన మంచి గ్రీజు నింపి, కొత్త ఆయిల్ సీలు వేసి బిగించవచ్చు. తరువాత వారం వారం పరీక్షిస్తూ నడుపుకోవచ్చు. గోటితో గీస్తే తగిలేంత గుంట కప్పులో వున్నదంటే దానికి గ్రీజు మందు కాదు. అప్పుడు మా అంచనా కొత్త సరుకు తెప్పించుకొనేంత వరకే, అనగా రెండు మూడు రోజులే, అదీ సగం బరువుతో, నెమ్మది మీద. ఆట వచ్చి, దానికి వేడి కూడా తోడైతే ఒక్క పూట కూడా వద్దు. రోలర్లను పట్టి వుంచే పంజరం విరిగినదంటే చక్రం బిగుసుకపోతుంది, లేదా హబ్బుతో సహా ఊడి వస్తుంది. ఆ బండి వెనుక క్యాన్ల మధ్య మన సభ్యుల పిల్లలు కూర్చొని వస్తుంటారన్న సంగతి అందరికీ తెలిసినదే.

కొత్త రకం బళ్లలో కొన్నింటికి హబ్బుతో కలిసి సీలు చేసిన బేరింగు వస్తుంది. దానిని విప్పటానికి, గ్రీజు పెట్టటానికి వీలు లేదు. అది మోగితే మార్చటమే.

ఇక్కడ ఒక మాయ గురించి హెచ్చరించవలె. ఆట కనబడగానే హబ్బు నట్టును మరింత బిగించేవారు వున్నారు. ఆట పోతుంది, డ్రైవరు సంతోషిస్తాడు. నట్టు బిగించినంత మాత్రాన లేచిన పెచ్చు తిరిగి అతుక్కోదు. పైగా బిగువుకు వేడి పెరిగి పది రోజులు నడిచేది రెండు రోజులకే పోతుంది. నట్టు ఎంత బిగించి ఎంత వదలవలెనో బండి కంపెనీ పుస్తకంలో వుంటుంది. ఆ ప్రకారం చేసి కొత్త స్ప్లిట్ పిన్ను వేయవలెను. పాత పిన్ను వంచి మళ్లీ పెట్టటం రూపాయి మిగల్చటానికి చక్రాన్ని పణం పెట్టటమే.

బేరింగు ముందే ఎందుకు పోతున్నదో కూడా చూడండి. 40 లీటర్ల నిండు క్యాను, ఖాళీ క్యాను బరువు కలుపుకొని 50 కిలోలకు అటూ ఇటూ వుంటుంది. పదహారు క్యాన్లంటే 800 కిలోలు. తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలు, వాటిపైన మనుషులు. ఇంజనీర్ల లెక్క ప్రకారం రోలరు బేరింగు మీద బరువు పావు వంతు పెరిగితే దాని ఆయుష్షు సగానికి తగ్గుతుంది. పావు వంతు బరువుకు పావు వంతు ఆయుష్షే పోతుందని అనుకొంటాము గాని, అట్లా కాదు.

ఇంకొకటి నీరు. జూరాల ఎడమ కాలువ నీళ్లు వచ్చిన తరువాత ఈ వైపు వరి పెరిగింది. దమ్ము చేసిన మళ్ల నుండి ట్రాక్టర్లు రోడ్డు మీదికి బురద తెస్తున్నవి, కాలువ పొంగిన చోట బండి నీళ్లలో దిగి పోతున్నది. తిరిగి తిరిగి వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకొని, అరిగిన సీలు సందు నుండి నీటిని లోపలికి పీల్చుకొంటుంది. పాలు ఒలికిన బండిని కడగటం మంచిదే. కాని పంపు గన్నుతో నేరుగా హబ్బు మీద కొట్టేవారు అదే పని చేతులారా చేస్తున్నారు. బండి చల్లారిన తరువాత కడగండి, నీటి ధార హబ్బుకు తగలనీయకండి.

ఇక సంఘం పాత్ర. మేము చూసినంతవరకు బేరింగు మార్పు ఆలస్యమయ్యేది డబ్బు లేక కాదు. "వచ్చే సమావేశంలో చూద్దాము" అనే మాట వల్ల. పాలకవర్గం నెలకు ఒకసారి కూర్చుంటుంది. ఆ నెల కోరం లేకపోతే పై నెల. రోజుకు రెండు పూటలా కలిసి 60 కిలోమీటర్లు తిరిగే బండి నెలకు 1,800 కిలోమీటర్లు తిరుగుతుంది. మన కార్యదర్శి అడిగినట్లు జనవరి నుండి మార్చి ఆఖరు దాకా ఆపితే 5,400 కిలోమీటర్లు. ఆగుదామా అని అడిగేటప్పుడు నెలల్లో కాక కిలోమీటర్లలో లెక్క వేస్తే ఎంత పెద్ద కోరిక కోరుతున్నామో తెలుస్తుంది.

ఆడిటులో అభ్యంతరం పెడతారేమో, మూడు కొటేషన్లు లేవంటారేమో అనే భయం కూడా వున్నది. ఆ భయానికి కొంత కారణం మా వంటి వారమే అని మీరు అనుకొంటే కోపం తెచ్చుకోము. దానికి మార్గం ముందుగానే చేసుకొనే తీర్మానం. మీ బైలాలకు లోబడి, అత్యవసర వాహన మరమ్మతుకు అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి ఇంత మొత్తం వరకు ఖర్చు చేయవచ్చునని, బిల్లును తరువాతి సమావేశంలో ఆమోదానికి పెట్టవలెనని ఈ నెలలోనే రాసి పెట్టుకోండి. ఏ రోజు మోత వినబడింది, ఎవరు పరీక్షించినారు, మీటరు ఎంత వున్నది, ఎన్ని కిలోమీటర్ల లోపల మార్చవలెనని నిర్ణయించినారు అనే నాలుగు సంగతులు బండి లాగ్ పుస్తకంలో రాయండి. ఆ పేజీ వుంటే ఏ ఆడిటరూ కాదనడు. కిరాయి బండి పెట్టుకొన్న సంఘాలు ఈ పరీక్షలను ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. బండి యజమాని ఎవరైనా అందులో పోయే పాలు మనవే. ఎఫ్.సి. వచ్చింది గదా అని యజమాని అనవచ్చు. ఎఫ్.సి. చెప్పేది పరీక్ష జరిగిన నాటి సంగతి మాత్రమే.

నష్టం లెక్క కూడా ఒకసారి చూద్దాము. పన్నెండు క్యాన్లంటే 480 లీటర్లు. లీటరు నలభై రూపాయలు అనుకొంటే 19,200 రూపాయలు. ఎండాకాలం ఉదయం పది గంటలకు ఈ రోడ్డు మీద బండి కూలబడి, ఇంకొక బండి వచ్చేసరికి మధ్యాహ్నమైతే ఆ డబ్బు చాలావరకు పోయినట్లే. ఒక చక్రానికి బేరింగు సెట్టు, సీలు, గ్రీజు, కూలి మీ మెకానిక్‌ను అడిగి, పక్కన రాసుకొని చూడండి. పైగా ఒక్క బర్రె మీద బతికే సభ్యురాలికి ఆ పూట పాలు పోవటం అంటే ఏమిటో మీకు మేము చెప్పవలసిన పని లేదు.

దారి మధ్యలో హబ్బు పొగలు కక్కితే ఏమి చేయవలెనో కూడా చెబుతాము. నీళ్లు పోయవద్దు. బండిని నీడలో ఆపి, తడి గోనె సంచులు క్యాన్ల మీద కప్పి, ఫోను చేసి ఇంకొక బండి పిలిపించి క్యాన్లు మార్చండి. చల్లారిన తరువాత మెల్లగా పోదామని చాలామందికి అనిపిస్తుంది. చల్లారటం వల్ల బేరింగు బాగుపడదు.

ఆ కార్యదర్శికి మేము చెప్పిన జవాబు ఇది. పాలు దండిగా వున్న కాలమనే మాట నిజమే. అయితే ఉదయం పాలు దింపి వచ్చిన తరువాత సాయంత్రం కొలత దాకా బండి ఖాళీగానే వుంటుంది గదా. సరుకు చేతిలో వుంటే చక్రం బేరింగు మార్చటం కొన్ని గంటల పనే. రోజంతా పట్టేది పని వల్ల కాదు, బండి విప్పిన తరువాత సరుకు కోసం వనపర్తికి పరుగెత్తటం వల్ల. కనుక మొదట బేరింగు కొని సంఘం బీరువాలో పెట్టండి. ఎప్పుడు మార్చవలెనో తరువాత తేల్చుకోవచ్చు. పాతదాని రింగు మీద చెక్కిన నంబరు చూసి, బిల్లుతో సహా, నమ్మకమైన అంగడిలో కొనండి. మంచి కంపెనీ పేరుతో నకిలీ డబ్బాలు అమ్మేవారున్నారు. కప్పు, రోలర్లు రెండూ కొత్తవి వేయండి. పాత కప్పులో కొత్త రోలర్లు దొర్లిస్తే కొత్తవీ త్వరలో పాతవాటి వెంటే పోతాయి.

వారు చక్రం లేపి పరీక్షించినారు. ఆట కొంచెం వున్నది, బ్రేకు తొక్కితే పోతున్నది. వేడి ఇంకా రాలేదు. సెట్టు తెచ్చి పెట్టుకొన్నారు. అందాక క్యాన్లు తగ్గించి, మిగిలినవి పక్క సంఘం బండిలో పంపుతున్నారు. ఈ గురువారం ఉదయం పాలు దింపి వచ్చిన తరువాత పన్నెండు గంటలకు ఇక్కడే, ఈ సంఘం షెడ్డు ముందర, హబ్బు విప్పుతారు. అన్ని సంఘాల డ్రైవర్లు రావచ్చును. పాత బేరింగును అందరి చేతికి ఇచ్చి చూపుతామని మెకానిక్ ఒప్పుకొన్నాడు. వచ్చేవారు తమ బండి మీటరు అంకె, కిందటిసారి గ్రీజు పెట్టిన తేదీ రాసుకొని తెండి. ఒక జాకీ కూడా ఎవరైనా తెస్తే మంచిది, ఇక్కడ వున్నది ఒక్కటే.